గాజు పలక మీద రెండో గీత

మా ఆయన యోబు ఒక చుక్కను పట్టుకుని ఆరేళ్ళు వేలాడాడు. వేలాడాడు అనే అంటాను, అంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకలేదు. ఆయన నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు, అదీ టెంపరరీ. పగలంతా పిల్లలకు అద్దాలూ కటకాలూ చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచీ విడవకముందే కాగితాల ముందు కూర్చునేవాడు. నేను అదే ఊళ్ళో చిన్నపిల్లల బడిలో టీచరును. గట్టిగా మాట్లాడడం నా వృత్తి. ఆయనకేమో అడిగితే తప్ప నోరు పెగలదు.

ఆ చుక్క మిద్దె మీద పడుకుంటే కనపడే చుక్క కాదు. పెద్ద దూరదర్శినితో తీసిన ఫోటోలో ఆవగింజలో సగం కూడా లేని మచ్చ. అది నీలంగా ఉందట, దాని వైపు నుంచి రేడియో అలలు కూడా వస్తున్నాయట. చూడ్డానికి చుక్కల్లా ఉండి, చుక్కలు కానివి కొన్ని ఉంటాయనీ, వాటిని క్వాసార్లు అంటారనీ, వాటిలో కొన్నింటి వెలుతురు మన భూమి పుట్టకముందే బయలుదేరిందనీ పెళ్ళైన వారం తిరక్కుండానే ఆయన నాకు చెప్పాడు. మిగతా మొగుళ్ళు ఆ వారంలో ఏం చెప్తారో నాకు తెలియదు. నాకు మాత్రం దక్కింది ఇదే.

ఆకాశం గురించి చదువుతున్నాడని తెలిసి జనం ఆయన్ను ఊరికే వదిలేవాళ్ళు కాదు. డెబ్భై తొమ్మిదిలో అమెరికావాళ్ళ స్కైలాబు అంతరిక్షం నుంచి పడబోతోందని అందరూ బెదిరిపోయినప్పుడు మేము ఆళ్ళగడ్డలో మా అత్తగారింటికి పోతే, వీధి వీధంతా వచ్చి మా అరుగు మీద కూర్చుంది. పక్కింటి ఓబయ్య ముందుకు జరిగి, "ఏమప్పా యోబూ, అది ఈడ పడుతాదా, చాగలమర్రిలో పడుతాదా, తేల్చి చెప్పు. ఈడ పడేదైతే ఆడికి పోతాం, ఆడ పడేదైతే ఈడనే ఉంటాం" అన్నాడు. ఎక్కడ పడుతుందో ముందుగా తేల్చి చెప్పడం ఎవరి వల్లా కాదని ఈయన అరగంట విడమర్చి చెప్పాడు. తెలియనిదాన్ని తెలుసని అనడం ఆ మనిషికి చేతకాదు. ఓబయ్య లేచి పంచె దులుపుకుంటూ, "ఇంత చదివి ఏం లాభం లేప్పా" అని వెళ్ళిపోయాడు.

ఇంతకీ ఆ మచ్చ చుక్కా, క్వాసారా అన్నది తేల్చే దారి ఒకటే. దాని వెలుతురును రంగులుగా విడదీసి గాజు పలక మీద ఫోటో పట్టాలి. అప్పుడు పలక మీద దారమంత సన్నటి పట్టీ ఒకటి పడుతుంది. ఆ పట్టీలో అక్కడక్కడ అడ్డగీతలుంటాయి, ఒక్కో మూలకానికి ఒక్కో చోట. ఆ వస్తువు మన నుంచి దూరంగా పరిగెడుతుంటే గీతలన్నీ ఎరుపు వైపు జరుగుతాయి. ఎంత జరిగాయో కొలిస్తే అది ఎంత దూరాన ఉందో తెలుస్తుంది. చిక్కేమిటంటే, ఒక్క గీతే కనబడితే అది దేనిదో చెప్పలేం. మెగ్నీషియం గీత కొంచెం జరిగి అక్కడికి వచ్చిందా, కార్బన్ గీత చాలా జరిగి వచ్చిందా? అదే రెండు గీతలు దొరికితే, ఎంత జరిగినా వాటి మధ్య నిష్పత్తి మారదు కనుక, ఇవి ఫలానా రెండూ అని పట్టేయవచ్చు. మహానంది తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లవాడు ఒక్కడే కనబడితే ఎవరింటివాడో చెప్పలేం, అన్నదమ్ములిద్దరూ చేతులు పట్టుకుని కనబడితే చెప్పేస్తాం. ఇది నా బడి పద్ధతి. ఆయనకు నచ్చలేదు కానీ, తప్పని కూడా అనలేదు.

యూనివర్సిటీలో ఆయన పిహెచ్.డి. గైడు మంచివాడే. తమిళదేశపు కొండల మీద ఉన్న దూరదర్శిని కోసం ఈయన పేరున అర్జీలు పెట్టాడు. మొదటిసారి మబ్బు పట్టింది, రెండోసారీ మబ్బే. చివరికి ఎనభయ్యో సంవత్సరం ఫిబ్రవరిలో ఆకాశం తెరిపిచ్చి పలక మీద పట్టీ పడింది. దాని మీద ఒక్క గీత ఉంది. మసకగా, వెడల్పుగా, కానీ నిజమైన గీత. గైడు దాన్ని చూసి, "ఒక్క గీతతో ఏ కథైనా చెప్పొచ్చు యోబూ. ఇందులోనే ఇంకోటి ఎక్కడో సన్నగా ఉండి ఉంటుంది, వెతుకు" అని పలకను ఈయన చేతికిచ్చి పంపాడు. మళ్ళీ దూరదర్శిని దొరికేది మరుసటి ఏడాది. ఈయన రిజిస్ట్రేషన్‌ను అప్పటికే రెండుసార్లు పొడిగించారు, డిసెంబరుతో ఆఖరు. కాలేజీలో ప్రిన్సిపాలు చెన్నకేశవులు గారు కూడా ఖరాఖండిగా చెప్పేశాడు.

"డిసెంబరుకు డాక్టరువైతివా, పోస్టు నీది. లేదంటే డాక్టరేట్ ఉన్నోళ్ళు ఇద్దరు కాచుకొనుండారు. తర్వాత నన్ను తిట్టుకోవద్దప్పా."

కాబట్టి మా బతుకు ఎక్కడుందంటే ఆ గాజు పలక మీద ఉంది, ఇంకా కనబడని ఆ రెండో గీతలో ఉంది.

ఎండాకాలం సెలవులు రాగానే ఆయన ల్యాబులో ఉన్న ట్రావెలింగ్ మైక్రోస్కోపును అడిగి తీసుకున్నాడు. నంద్యాలలో మా అద్దె ఇంట్లో కిటికీ ఒక్కటీ సరిగ్గా లేదు, ఆళ్ళగడ్డలో అమ్మ ఇంట్లో మంచి వెలుతురు వస్తుందన్నాడు. మైక్రోస్కోపును దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాడు. పలక ఉన్న చెక్కపెట్టె నా ఒళ్ళో పెట్టాడు. శిరివెళ్ళ దగ్గర గుంతలో పడి బస్సు ఎగిరినప్పుడు, "పెట్టె, పెట్టె" అని కేకేశాడు. నా తల పైకడ్డీకి ఠంగుమని తగిలిన సంగతి మాత్రం ఆళ్ళగడ్డలో దిగాక, నుదుటి మీద బొప్పి చూసి గుర్తుపట్టాడు.

మా అత్త ఎస్తేరమ్మ జాకెట్లు కుట్టేది. మామ పోయాక ఆ మిషను తొక్కే కొడుకును ఎమ్మెస్సీ దాకా చదివించింది. అరవై దాటినా సూదిలోకి దారం ఎక్కించడానికి ఆమెకు కళ్ళజోడు అక్కరలేదు. ఆమెకూ నాకూ పేచీలు లేకపోలేదు, కూరలో కారం దగ్గర్నుంచి చర్చికి నేను కట్టుకునే చీర దాకా. అయినా ఆమె మంచిది కాదని నా నోట ఎవరూ వినలేదు. అంత ఇష్టంగా కొడుకును చూసుకునే తల్లిని నేనింకొకరిని ఎరగను.

ఆయన కిటికీ పక్కన బల్ల వేసుకుని, కింది నుంచి వెలుతురు పడేలా అద్దం పెట్టుకుని, పొద్దున్నే మొదలుపెట్టేవాడు. మైక్రోస్కోపును పక్కకు జరిపే మర తిప్పడంలో ఒక నియమం ఉంది. ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే తిప్పాలి. దాటిపోతే వెనక్కి తిప్పకూడదు, మళ్ళీ మొదటికి వచ్చి బయలుదేరాలి, లేకపోతే మరలో ఉన్న వదులు కొలతలో కలిసిపోతుంది. ఆయన చూసి అంకె చెప్తే నేను రాసేదాన్ని. అత్త గడపలో కూర్చుని కాజాలు కుడుతూ మమ్మల్ని చూసేది.

"ఏందప్పా, అంత చిన్న గాజులో పొద్దస్తమానం ఏం చూస్తాండావ్?" అని ఒకరోజు అడిగింది.

"రెండో గీత కోసం చూస్తాండా మా."

"ఒగటి ఉండాది గదా?"

"ఒగటి చాలదు. రెండుంటేనే నమ్ముతారు."

"అవునులే, సాక్ష్యానికి ఇద్దరుండల్ల" అంది అత్త. నేను అన్నదమ్ముల కథ అల్లి చెప్పిన సంగతిని ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. "యాడుందో నాకూ చూపీ."

ఆయన ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, తల పట్టి సరిచేసి చూపించాడు. ఆమె చాలాసేపు ఆ సన్న పట్టీని చూసింది. "ఇంత సన్నదాంట్లో దేవుడు రాస్తే మనుషులు ఎట్ల చదవల్ల నాయనా" అని లేచింది.

మే నెల సగమైంది. రెండో గీత లేదు. ఇంటి ముందు రోడ్డు మీద లారీలు పోతుంటే లేచిన దుమ్ము కిటికీలోంచి వచ్చి అన్నం పళ్ళెంలో కూడా పడేది. ఆయన కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతుండేవి. ఒక మధ్యాహ్నం మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పేసి, చాప మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"అందులో లేదు ప్రసన్నా. ఉంటే ఈపాటికి కనపడుండు. డిసెంబరు దాటినాక నేనేం చేయల్లనో నువ్వే చెప్పు."

 నాకు కోపం వచ్చింది, ఆ చుక్క మీద, ఆ మబ్బుల మీద, అంత దూరంలో ఉన్నదాన్ని మా అన్నంలోకి తెచ్చిపెట్టిన ఈ చదువు మీద. అత్త మిషను తొక్కడం ఆపి, గోడ వైపు తిరిగిన కొడుకు వీపునే చూస్తూ కూర్చుంది. మరునాడు కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దే పనుందని ఆయనకు కబురొచ్చింది. ఇద్దరం నంద్యాలకు పోయి రెండు రోజులుండి వచ్చాము. పెట్టె ఆళ్ళగడ్డలోనే ఉంది.

వచ్చిన వారంలోనే ఒక పొద్దున ఆయన నన్ను పిలిచాడు. ఏమైందోనని పరిగెత్తాను. "ఇట్ల రా. ఈడ చూడు. నాకు కనపడేది నీకు కనపడుతాందా?"

చూశాను. పట్టీ నడుమ, మొదటి గీతకు కుడివైపున, ఉందా లేదా అన్నట్టు బూడిదరంగు మచ్చ ఒకటి కనబడింది. కనపడుతోందన్నాను. ఆయన ఊపిరి వదిలాడు. మరునాడు అది ఇంకొంచెం తేటగా ఉంది, నాలుగు రోజులకు ఇంకా తేటపడింది. "కన్ను అలవాటు పడుతాండాది" అన్నాడు. మూలకాల గీతల పట్టిక తీసి లెక్క కట్టాడు. మొదటి గీత మెగ్నీషియందైతే రెండోది నియాన్‌కు సరిపోతోంది. కొంచెం తేడా ఉంది కానీ, అంత తేడా ఆ పాత మరలోనే ఉంటుందన్నాడు. మళ్ళీ కట్టాడు, మళ్ళీ సరిపోయింది. అప్పుడు పెన్సిలు కింద పెట్టి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అత్త పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, స్తోత్రం స్తోత్రం అంటూ కొడుకు తల నిమిరింది.

ఆ తర్వాత నెలన్నర మా ఇంట్లో నడిచిన సంతోషం మళ్ళీ ఎప్పుడూ నడవలేదు. గైడు కొలతలు చూసి చాలా మెచ్చుకున్నాడు. థీసిస్ రాయడం మొదలుపెట్టమన్నాడు, సైన్సు పత్రికకు కూడా చిన్న వ్యాసం పంపేశాడు. పలక మీది గీతలను కాగితం మీద గీసి చూపే మిషను ఒకటి వాళ్ళ దగ్గర ఉందట. థీసిస్‌లో పెట్టడానికి దాని మీద ఎక్కించాలి, జులైలో పలక పట్టుకురమ్మన్నాడు. చెన్నకేశవులు గారు స్టాఫ్ రూములో అందరి ముందూ ఈయన భుజం తట్టాడు. నేను కొత్త చీర కొనుక్కున్నాను, ఎవర్నీ అడగకుండా.

మా వాళ్ళ చర్చిలో నెల మొదటి ఆదివారం సాక్ష్యాల ఆదివారం. దేవుడి వల్ల మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి, ఏమడిగారో, ఎట్లా అడిగారో, ఏం దొరికిందో పాస్టరు అయ్యగారి ముందు, సంఘం ముందు ఉన్నదున్నట్టు చెప్పాలి. చెప్పకుండా దాచుకుంటే మేలును కాజేసినట్టు. చెప్పాక అందరికీ టీ, బూందీ పెట్టాలి. అత్త దానికోసం ఉవ్విళ్ళూరుతోంది. "ఇంకా మిషను మీద పెట్టి చూడల్ల మా, ఇప్పుడే వద్దు" అని ఈయన ఒకసారి అన్నాడు. "మేలు చేసిన దేవుని ముందర నోరు మూసుకోమంటావా నాయనా?" అంది. ఆ మాటకు ఎవరు ఎదురు చెప్తారు? సోమవారం పొద్దున కడప మీదుగా పోయే బస్సులో యూనివర్సిటీకి పోవాలి కనుక, పలక పెట్టెతో సహా శనివారమే ఆళ్ళగడ్డకు వచ్చాము.

ఆదివారం అత్త ఉతికి గంజి పెట్టిన తెల్లచీర కట్టింది. కీర్తన అయ్యాక, ఆడవాళ్ళ వైపు ముందు వరసలోంచి లేచి నిలబడింది. ఆమె చెప్పింది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ప్రభువుకు స్తోత్రం. అయ్యగారికీ సంఘానికీ వందనాలు. నా కొడుకు యోబు చుక్కల చదువు చదువుతాండాడని మీకందరికీ తెలుసు. గాజు మీద ఒగే గీత పడింది. రెండోది పడితేగానీ వాళ్ళు నమ్మరంట. నా బిడ్డ ఎండాకాలమంతా కండ్లు కాయలు కాసేటట్టు చూసినాడు. కడాకు గోడ దిక్కు తిరిగి పండుకున్యాడు. కన్నదాన్ని, నేను చూడల్యాకపోతి. వాళ్ళిద్దరూ నంద్యాలకు పోయినప్పుడు ఆ పెట్టె తెరిచినా. అయ్యగారు ప్రార్థన చేసిచ్చిన నూనె సీసా నా దగ్గర ఉండాది గదా. ఏలుతో పెడితే గాజు పాడైతాదేమోనని, సన్న సూది మొన నూనెలో ముంచి, నా బిడ్డ చూసే ఆ సన్న పట్టీ మీదనే, నడిమజ్జన, అట్ల అంటిచ్చినా. కొంగుతో అద్దినా. 'ప్రభువా, నా బిడ్డకు రెండోది చూపీ' అని అడిగినా. ఆ వారంలోనే గీత వచ్చింది! నేను నూనె పెట్టిన తావులోనే వచ్చింది! ఈ మాట ఈ పొద్దుటిదాకా నా కొడుక్కు కూడా చెప్పల్యా, సంఘం ముందరనే చెప్పల్లని పెట్టుకున్యా."

"స్తోత్రం!" అంది సంఘమంతా. ఎవరో చప్పట్లు కొట్టారు.

నేను మొగవాళ్ళ వైపు చూశాను. ఆయన చాప మీద నిటారుగా కూర్చుని తల్లినే చూస్తున్నాడు.  అయ్యగారు నవ్వుతూ, "యోబూ, నువ్వు కూడా లేచి ఒక మాట చెప్పు నాయనా" అన్నాడు. ఆయన లేచాడు. గోడకు చెయ్యి ఆనించి, "అమ్మ చెప్పింది నిజం" అని కూర్చున్నాడు. దానికీ స్తోత్రం అన్నారు.

అత్త బూందీ పంచే హడావిడిలో ఉండగా మేమిద్దరం ఇంటికొచ్చేశాము. ఆయన నేరుగా పెట్టె దగ్గరికి పోయాడు. పలకను కిటికీ వెలుతురుకు పట్టుకుని భూతద్దంతో చూశాడు. పక్కకు వంచి, ఎండ ఏటవాలుగా పడేలా పట్టుకుని మళ్ళీ చూశాడు. మొదటి గీత మీద మెరుపు లేదు. రెండోదాని మీద సన్నగా తళుక్కుమంది. వేలు చూపి నన్నూ చూడమన్నాడు. చూశాను. జిడ్డు.

"దుమ్ము పట్టి నల్లబడింది" అన్నాడు. "రోజురోజుకీ తేటపడుతాంటే కన్ను అలవాటు పడుతాందని అనుకున్యా. పలక మీద పడిన వెలుతురు యాడన్నా పెరుగుతాదా ప్రసన్నా? మొదటి ఏడు చదివే పిల్లోడికి కూడా తెలుసు."

"మరి లెక్క సరిపాయ గదా?"

"పట్టికలో అన్ని గీతలుండాయి. సూది యాడ పెట్టినా ఏదో ఒగదానికి దగ్గరగానే పడుతాది. నేను సరిపోవల్లని చూసినా, సరిపాయ."

ఆయన మైక్రోస్కోపు కటకాలు తుడిచే స్పిరిటు సీసా తీశాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"తుడవొద్దు. రేపు పోయి మిషను మీద పెట్టండి. అదేం చెప్తే అది చెప్పనీండి."

"దానికి నూనె అని తెల్దు. గీత అనే చెప్తాది."

"చెప్పనీండి. ఎవురికి నష్టం? అంత దూరం పోయి ఎవురన్నా చూసొస్తారా? డిసెంబరు తర్వాత మనం ఏం తినల్ల?"

అలా అన్నందుకు నేను ఈనాటికీ సిగ్గుపడను. ఇల్లు నడిపేదాన్ని నేను. ఆయన నా చేతిని మెల్లగా విడిపించుకున్నాడు. "నూనె మరకను నియాన్ అని నేనెట్ల రాసేది?" అన్నాడు. దూది స్పిరిట్లో ముంచి, పట్టీ మీద ఒక్కసారి, ఎడమ నుంచి కుడికి, తేలిగ్గా తుడిచాడు. రెండో గీత పోయింది. మొదటిది అక్కడే ఉంది, మసకగా, వెడల్పుగా, ఒంటిగా.

సోమవారం పోయి గైడుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన తిట్టలేదట. అచ్చు కాబోయే వ్యాసాన్ని వెనక్కి తెప్పించుకోవడం ఎంత తలవంపో మాత్రం చెప్పాడట. తర్వాత దూరదర్శిని కోసం ఈయన పేరు ఎవరూ రాయలేదు. డిసెంబరు వచ్చింది, రిజిస్ట్రేషను పోయింది, పోస్టు ఇంకొకరికి పోయింది. చెన్నకేశవులు గారు ముందే చెప్పాడు కనుక తిట్టుకునే అవకాశం కూడా లేదు. నంద్యాల ఇల్లు ఖాళీ చేసి ఆళ్ళగడ్డకు వచ్చేశాము. నేను పొద్దున్నే బస్సెక్కి బడికి పోయేదాన్ని. ఆయన ట్యుటోరియల్‌లో పదో తరగతి తప్పినవాళ్ళకు లెక్కలు చెప్పేవాడు.

చర్చిలో జనం అత్తను అడగడం మొదలుపెట్టారు, కొడుకు డాక్టరు ఎప్పుడవుతాడని. ఒక సాయంత్రం ఆమె మిషను దగ్గర నుంచి లేచి వచ్చి ఆయన ముందు కూర్చుంది.

"దేవుడిచ్చిన గీత ఏమాయ నాయనా?"

"పోయింది మా."

"ఎట్ల పోయింది? నువ్వు చూస్తివి, నీ పెండ్లాం చూసె. ఎవురు తుడిచినారు?"

నేను ఆయన వైపు చూశాను. ఇప్పుడు చెప్పేస్తాడనుకున్నాను. ఆయన నేల చూస్తూ, "నేనే తుడిచినా" అన్నాడు. నూనె మాట ఎత్తకుండా లేచి పెరట్లోకి పోయాడు.

అత్త అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చదువుకున్న పెద్దవాళ్ళ ముందు దేవుడి పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడి కొడుకు ఆ గీతను చెరిపేశాడని తనకు తానే తేల్చుకుంది. ఆనాటి నుంచి సాయంత్రం ప్రార్థనలో ఆయన పేరు చెప్పడం మానేసింది. నా పేరు చెప్పేది, ఆ మధ్యే పుట్టిన మా పాప పేరు చెప్పేది, ఓబయ్య మోకాళ్ళ నొప్పులు కూడా చెప్పేది. కొడుకు పేరు వచ్చే చోట ఊపిరి పీల్చుకుని ముందుకు పోయేది. ఆయన పక్కనే కళ్ళు మూసుకుని కూర్చుని ఉండేవాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను చెప్తా. మీ అమ్మ సూదే మన కొంప ముంచిందని ఈ పొద్దే చెప్తా" అని పెరట్లో ఆయన మీద లేచాను. "చెప్పి ఏం సాధిస్తావ్?" అన్నాడు. "ఈ చదువులో ఆమె నా కోసం చేయగలిగింది ఆ ఒగటే. అది మరక అని తెలిస్తే ఆమె బతుకుతాదా? నన్ను దేవుడు లేనోణ్ణి అనుకోనీ." నాకు అది మంచితనం అనిపించలేదు, మొండితనం అనిపించింది. అయినా నోరు కట్టేసుకున్నాను, ఆయన మొహం చూసి.

ఎనభై నాలుగులో ఒకసారి ఏదో సర్టిఫికెట్ పని మీద యూనివర్సిటీకి పోయి వచ్చాడు. బస్సు దిగి ఇంటికొచ్చినప్పుడు సాయంత్రం ప్రార్థనకు ఇంకా వేళ కాలేదు. కాళ్ళు కూడా కడుక్కోకుండా నా దగ్గరికొచ్చాడు. అక్కడ లైబ్రరీలో కొత్త పత్రిక చూశాడట. పరదేశం వాళ్ళెవరో, మన దానికన్నా ఎన్నో రెట్లు పెద్ద దూరదర్శినితో, అదే మచ్చ వెలుతురు పట్టారట. ఒకటి కాదు, మూడు గీతలు దొరికాయట. అది క్వాసారే. ఈయన చూసిన ఆ ఒంటి గీత నిజమైనదే, కాకపోతే మెగ్నీషియంది కాదు, కార్బన్‌ది. ఈయన లెక్క కట్టినదానికన్నా అది ఇంకా చాలా దూరంలో ఉందట. "నాది నిజమే ప్రసన్నా" అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూసి కూడా నేను సంతోషించలేకపోయాను. ఎందుకంటే ఆ పత్రికలో ఆయన పేరు ఎక్కడా లేదు, ఇంక రాదు.

అప్పుడు ఆయన తల్లి దగ్గరికి పోయాడు. వద్దని ఆపుదామనుకున్నాను, కానీ ఆయన దేనికోసం పోతున్నాడో నాకు తెలుసు. అత్తకు అప్పటికి కళ్ళలో పొర వచ్చి సూది పని పోయింది. ఊరికే మిషను ముందు కూర్చునేది. ఆయన ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, "మా, ఆ పొద్దు నువ్వు సాక్ష్యం చెప్పింది... అది క్వాసారే మా. నిజమే. వేరే దేశమోళ్ళు తేల్చినారు" అన్నాడు.

ఆమె ముఖం వెలిగిపోయింది. రెండు చేతులతో తడుముకుంటూ కొడుకు చెయ్యి పట్టుకుంది. నాలుగేళ్ళ తర్వాత అదే పట్టుకోవడం. "ప్రభువుకు స్తోత్రం. నేను ఆ పొద్దే చెప్తి గదరా. దేవుడు ఉత్త గీత పెడతాడా?" అని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆయనా నవ్వుతున్నాడు.  ఆ తర్వాత ఆమె చేతులు నెమ్మదించాయి.

"అంత నిజమైన గీతను ఎందుకు తుడిస్తివి నాయనా?"

ఆయన నవ్వు అలాగే నిలిచిపోయింది. నేను వాకిలి దాటి లోపలికి వచ్చాను, మాట నాలుక చివరికి వచ్చింది. ఆయన తల తిప్పి నన్ను చూశాడు. ఆ చూపుకు నా నోరు మూతబడింది.  అత్త కొడుకు చెయ్యి వదిలేసింది.

ఆ సాయంత్రం ప్రార్థనలో తన గీతను లోకం ముందు నిజం చేసినందుకు దేవుడికి స్తోత్రం చెప్పింది. నన్ను, పాపను, ఓబయ్యను, పంటలను, వానలను అన్నిటినీ తలుచుకుంది. ఆయన పేరు రాలేదు. ఆ తర్వాత మా అత్త రెండేళ్ళు బతికింది, ఆ రెండేళ్ళలోనూ రాలేదు.